ఇత్తడి థియోడలైట్, తాత పట్టుకున్న కర్ర

పోస్టు పెద్దగా ఉంటది, తీరిక చూసుకుని చదవండి.

పోయిన వారం పదో తరగతి రాసిన ఒక తమ్ముడు ఇక్కడ అడిగిండు: "అన్నా, పాలిటెక్నిక్‌లో సివిల్ వచ్చేటట్టుంది. సర్వే అంటే ఎండలో తిరుగుడే అంటున్నరు. ఫోన్‌లోనే జీపీఎస్ ఉంది గదా, ఇంకా అది నేర్చుకుని ఏం లాభం?" చాలామంది ఉద్యోగాల లెక్క చెప్పి జవాబు ఇచ్చారు. అది మంచిదే. నా జవాబు వేరే ఉంది. అది చెప్పాలంటే పాతబస్తీలో ఒక కొట్టులో నేను చూసిన ఇత్తడి యంత్రం గురించి చెప్పాలి, మా తాత గురించి చెప్పాలి. రెండూ ఒకటే కథ.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, కిన్నెరసాని అవతల ఒక కోయ గూడెం. ఊరిపేరు రాయను, మా వాళ్లకు ఇష్టం ఉండదు. నేను హైదరాబాద్‌లో సివిల్ డిప్లొమా చదివాను, ట్రైబల్ హాస్టల్లో ఉండి. మా ల్యాబులో పనికొచ్చే థియోడలైట్లు రెండే. బ్యాచ్‌లో ముప్పై మందికి పైగా. ముందర నిలబడ్డ నలుగురు ముట్టుకుంటారు, మిగతా వాళ్లం వాళ్లు చెప్పిన అంకెలు రికార్డులో రాసుకుంటాం. నేను ఎప్పుడూ వెనకే. తెలుగు మీడియం నుంచి వచ్చినోడిని, అడగాలంటే నోరు రాదు. మొదటి సంవత్సరం మొత్తం యంత్రానికి కన్ను పెట్టకుండానే రికార్డుకు మంచి మార్కులు వచ్చాయి. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంటది.

2019లో ఒక ఆదివారం హాస్టల్ దోస్తుతో కలిసి పాతబస్తీ పోయాను. వాడికి వాచీ బెల్టు కావాలి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్, లాడ్ బజార్ గుండా మహబూబ్ చౌక్ చేరాం. ముర్గీ చౌక్ అని కూడా అంటారు. ఒక పక్క కోళ్లు, పావురాలు, ఇంకో పక్క పాత సామాన్ల కొట్లు. మధ్యలో గడియారం స్తంభం. అక్కడ ఒక చిన్న కొట్టు ముందు రాగి బిందెలు, ఇత్తడి తూకం రాళ్లు, పాత తాళాల మధ్య మూడు కాళ్ల కర్ర స్టాండు మీద అది నిలబడి ఉంది.

థియోడలైట్. మా ల్యాబులోది బూడిద రంగు పెయింట్ వేసి ఉంటది. ఇది మొత్తం ఇత్తడి, అక్కడక్కడ నల్లబడింది. అడుగున మూడు మరలు, దాని మీద గుండ్రటి పళ్లెం, పళ్లెం మీద రెండు కాళ్ల మధ్య చిన్న దుర్బిణి, దుర్బిణి పక్కన నిలువుగా ఇంకో చక్రం. అడ్డం కోణం పళ్లెం మీద చదవాలి, ఎత్తు కోణం నిలువు చక్రం మీద. పుస్తకంలో బొమ్మ ఎట్లుందో అట్లే ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తున్నాను. కొట్టు చాచాకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. "క్యా దేఖ్‌రే బేటా, హాత్ లగాకే దేఖో" అన్నాడు. ముట్టుకుని చూడు అని. ఆ మాట నాకు మా ల్యాబులో ఎవరూ చెప్పలేదు.

కన్ను పెట్టి గడియారం స్తంభం వైపు తిప్పాను. స్తంభం తలకిందులుగా కనబడింది. గడియారం కింద, నేల పైన, నేల మీద నడిచే జనం కప్పుకు గబ్బిలాల్లాగా వేలాడుతున్నారు. యంత్రం చెడిపోయింది అనుకున్నాను. చాచా నవ్వాడు. పాత దుర్బిణుల్లో బొమ్మ ఉల్టానే వస్తదని చెప్పాడు. బొమ్మను నిలబెట్టాలంటే ఇంకా అద్దాలు పెట్టాలి, అద్దం పెరిగిన కొద్దీ వెలుతురు తగ్గుతది. అందుకే పాత సర్వేయర్లు ఉల్టా బొమ్మకే అలవాటు పడ్డారు. ఇది నాకు తర్వాత తెలిసింది.

ధర అడిగితే 18 వేలు అన్నాడు. నా జేబులో 300 రూపాయలు. ఆయన నా మొహం చూసి, "కొనకపోతే ఏమైతది, ఆదివారం ఆదివారం వచ్చి తుడువు, చాయ్ నాది" అన్నాడు. అట్లా ఐదారు నెలలు పోయాను. ఆయనకు ఇత్తడి తెలుసు, అంకెలు తెలియవు. నాకు అంకెలు పుస్తకంలో తెలుసు, చేతికి తెలియదు. ఇద్దరం కలిసి ఒక సర్వేయర్ అయ్యాం అని ఆయనే జోక్ చేసేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి సంగతి అసలుకూ నకిలీకీ తేడా. ఇప్పుడు షోకు కోసం కొత్తగా పోసిన ఇత్తడి థియోడలైట్లు చాలా దొరుకుతాయి. బాగా మెరుస్తాయి, లండన్ పేరు ఒకటి పెద్ద అక్షరాలతో చెక్కి ఉంటది. అంకెల గీతలు మాత్రం మందంగా, ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటాయి. అసలు దాంట్లో ఇత్తడి పళ్లెం అంచున సన్నటి వెండి పట్టీ పొదిగి, దాని మీద గీతలు గీస్తారు. వెండి మీద గీత సన్నగా, స్పష్టంగా కనబడుతుంది. ఆ పట్టీ పక్కనే జరిగే ఇంకో చిన్న స్కేలు ఉంటది, వెర్నియర్. ఆ రెండింటిలో ఏ గీత ఏ గీతతో సూటిగా కలిసిందో చూస్తే డిగ్రీ, నిమిషం దాటి 20 సెకండ్ల వరకు చదవొచ్చు. 20 సెకండ్లంటే ఎంత చిన్నదో ఒక లెక్క చెప్తాను. కిలోమీటరు దూరంలో ఉన్న చెట్టు మీద అది 10 సెంటీమీటర్లు కూడా కాదు. అదే ఒక డిగ్రీ తప్పు పోతే కిలోమీటరు దూరంలో గీత 17 మీటర్లకు పైగా పక్కకు పోతది. 17 మీటర్లంటే మన గూడెంలో ఒక ఇల్లు, దాని పెరడు.

రెండో సంగతి నన్ను నేనే నేర్చుకున్నాను, దానికోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

ఒకరోజు గడియారం స్తంభం కొనకు గురి పెట్టి చదివితే 42 డిగ్రీల 17 నిమిషాల 40 సెకండ్లు వచ్చింది. పుస్తకంలో 'ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్' అని ఉంటది. రికార్డులో ఎన్నోసార్లు రాశాను, ఎందుకో తెలియదు. ఆ రోజు చేసి చూశాను. దుర్బిణిని పల్టీ కొట్టించి, యంత్రాన్ని సగం చుట్టు తిప్పి, మళ్లీ అదే కొనకు గురి పెట్టాలి. ఎడమ చేతి పక్కన ఉన్న నిలువు చక్రం ఇప్పుడు కుడి చేతి పక్కకు వస్తది. లెక్క ప్రకారం సరిగ్గా 180 డిగ్రీలు ఎక్కువ రావాలి. 222 డిగ్రీల 19 నిమిషాల 20 సెకండ్లు వచ్చింది. అంటే 1 నిమిషం 40 సెకండ్ల తేడా. మూడుసార్లు చేశాను, అంతే. నా కన్నుది తప్పు కాదు, యంత్రానిది. లోపల దుర్బిణి ఏళ్ల కిందట్నే కొంచెం పక్కకు ఒరిగింది.

అప్పుడు అర్థమైంది. యంత్రంలో ఉన్న వంకర మొదటి చూపులో ఒక పక్కకు లాగుతది, తిప్పి చూస్తే అంతే వంకర రెండో పక్కకు లాగుతది. రెండూ కలిపి సగం చేస్తే వంకర కొట్టుకుపోతది. 42 డిగ్రీల 18 నిమిషాల 30 సెకండ్లు. చెడిపోయిన యంత్రంతో కూడా సరైన కోణం తీయొచ్చు, రెండు పక్కల నుంచీ చూస్తే. ఎంత ఖరీదైన యంత్రమైనా ఒక్క పక్క నుంచే చూస్తే దాని తప్పు అట్లే కాగితం మీదికి ఎక్కుతది, ఎవరికీ తెలియదు కూడా.

దీనికి ఒక షరతు ఉంది. యంత్రం నిలబడ్డ తీరే వాలుగా ఉంటే, అడుగున బుడగ మధ్యకు రాకుండానే మొదలుపెడితే, ఎన్నిసార్లు తిప్పి చూసినా ఆ తప్పు పోదు. అది మాత్రం ముందే సరి చేసుకోవాలి.

చాచాకు ఇదంతా చెప్తే ఆయన ఇంకో సంగతి చెప్పాడు. 1908లో మూసీకి వరద వచ్చి ఊరు కొట్టుకుపోయింది కదా, దాదాపు 15 వేల మంది చనిపోయారంటారు. ఆ తర్వాత నిజాం సర్కారు ఊరంతా కొలిపించింది. లియోనార్డ్ మన్ అనే ఇంజినీరు కింద 1912 నుంచి 1915 దాకా గల్లీ గల్లీ తిరిగి పటాలు గీశారు. "మా ఇల్లు ఉంది దాంట్లో, బావితో సహా" అన్నాడు చాచా, గర్వంగా. నేను ఏం అనలేదు. మా పొలం ఏ పటంలోనూ లేదు. మా దగ్గర గీసిన పటంలో ఒక గీత మాత్రం ఉంది.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో ఈ యంత్రం చరిత్ర వెతికి చదివాను. దేశాన్ని త్రిభుజాలతో కొలిచే పని 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. విలియం లాంబ్టన్ అనే ఆయన ఏడున్నర మైళ్ల గీత ఒకటి గొలుసుతో కొలిచాడు. ఒక గీత పొడవు తెలిస్తే చాలు. దాని రెండు చివరల నుంచి దూరంగా ఉన్న కొండకు కోణాలు చూస్తే, నడవకుండానే ఆ కొండ దూరం వస్తది. ఆ కొండ నుంచి ఇంకో కొండ. అట్లా త్రిభుజం మీద త్రిభుజం. ఆయన పెద్ద థియోడలైట్ లండన్‌లో విలియం కేరీ చేసింది, బరువు దాదాపు అర టన్ను. దాన్ని తెచ్చే ఓడను దారిలో ఫ్రెంచి వాళ్లు పట్టుకుని, తర్వాత యంత్రాన్ని తిరిగి ఇచ్చేశారు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. చక్రం వంగిపోయింది. లాంబ్టన్ వారాల తరబడి గది తలుపు వేసుకుని దాన్ని మళ్లీ గుండ్రంగా చేశాడట.

ఆ సర్వే అట్లా పైకి వస్తూ వస్తూ 1815లో బీదర్ చేరింది. 1818లో లాంబ్టన్‌కు సహాయకుడిగా ఒక కుర్ర అధికారిని వేశారు. ఆయన హైదరాబాద్ వచ్చి పనిలో చేరాడు. ఆయన పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, శిఖరానికి పెట్టిన పేరు ఆయనదే. 1819లో ఆయనను కృష్ణకూ గోదావరికీ మధ్య అడవుల్లోకి పంపారు. వానలు పడ్డాక గాలి తేటగా ఉండి దూరం కనబడుతుందని వానాకాలంలోనే పని పెట్టుకున్నారు. వానాకాలం అడవి అంటే ఏందో మనకు చెప్పాల్సిన పని లేదు. జ్వరాలు పట్టుకున్నాయి. దాదాపు 150 మంది ఉన్న ఆ గుంపులో ఇంచుమించు అందరూ పడిపోయారు. పదిహేను మంది దాకా చనిపోయారు. మిగిలినవాళ్లను తేవడానికి హైదరాబాద్ నుంచి పల్లకీలు, ఏనుగులు పంపారు. ఎవరెస్ట్ బతికి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా పోయాడు.

నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ అడవి మనకు పరాయిది కాదు. చనిపోయిన పదిహేను మందిలో ఒక్కరి పేరు కూడా నేను చదివిన పుస్తకంలో లేదు. యంత్రం దగ్గర కన్ను పెట్టేవాడు ఒకడు. అటు కొండ మీద చెట్లు కొట్టి జెండా పట్టుకుని నిలబడేవాళ్లు, యంత్రాన్ని మోసేవాళ్లు, దారి చూపేవాళ్లు పదుల మంది. జెండా లేకపోతే యంత్రానికి గురే లేదు. కానీ పటం మీద జెండా పట్టినోడి పేరు ఉండదు.

ఇక మా తాత సంగతి.

2020 మార్చిలో కరోనాకు హాస్టల్ మూసేసి ఇంటికి పంపారు. ఒకరోజు పొద్దుగూకినాక తాతకు ఆ ఇత్తడి యంత్రం గురించి చెప్తున్నాను. మూడు కాళ్లు, గుండ్రటి పళ్లెం, గొట్టం అని చేతులతో చూపిస్తున్నాను. తాత చుట్ట ఆర్పేసి, "అది నేను మోసిన్రా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

తాత పెళ్లికి ముందు, పడుచుతనంలో, మా గూడెం దగ్గరికి కొలిచేవాళ్లు వచ్చారంట. గూడెంలో నలుగురు పిల్లగాండ్లను కూలికి పిలిచారు. తాత పని రంగులు వేసిన కర్ర పట్టుకోవడం. మిట్ట మీద ఇప్ప చెట్టు పక్కన నిలబడమంటే నిలబడ్డాడు. యంత్రం దగ్గర ఉన్న మనిషి చెయ్యి ఎడమకు ఊపితే ఎడమకు, కుడికి ఊపితే కుడికి జరిగాడు. చెయ్యి కిందికి దించితే ఆగాడు. ఆగిన చోట రాళ్లు కుప్ప పోశారు. అట్లా నాలుగు రోజులు. కూలి ఇచ్చారు, బియ్యం కూడా ఇచ్చారంట. తాత సంబరపడ్డాడు.

ఆ రాళ్ల కుప్పలే తర్వాత అడవి హద్దు అయ్యాయి. మా పోడు, తాత వాళ్ల నాయన కొట్టిన చేను, హద్దుకు లోపల పడింది. అంటే అడవిలో. ఆ తర్వాత జీవితమంతా ఆ చేలో నాగలి పెట్టినప్పుడల్లా భయమే. కేసులు, జరిమానాలు, దొంగ చూసినట్టు చూసే చూపులు.

"ఎవలో వచ్చి గీత గీసిపోయిండ్రని మీ నాయన తిడుతడు. గీత గీసినోళ్లను నేనెట్ల తిట్టాల్రా? కర్ర పట్టుకున్నది నేనే గద" అన్నాడు తాత. "ఇంకో పది బారలు అవతల నిలబడి ఉంటే సరిపోవు. దేనికని నేను అడగలే. వాళ్లు చెప్పలే."

నేను ఆయనకు చెప్పాను, నువ్వు ఎక్కడ నిలబడాలో చెయ్యి ఊపినోడు చూసుకున్నాడు, నీ తప్పు కాదు అని. ఆయన వినలేదు. యాభై ఏళ్లకు పైగా లోపల పెట్టుకున్న మాట ఒక రాత్రిలో పోతదా?

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక, 2008 ప్రాంతంలో మా వాళ్లు దరఖాస్తు పెట్టారు. ఇద్దరు మనుషులు వచ్చి చేతిలో జీపీఎస్ పట్టుకుని చేను చుట్టూ నడిచారు. కాగితం మీద 2 ఎకరాల 30 గుంటలు వచ్చింది. తాత లెక్కలో నాలుగున్నర ఎకరాలు. వాళ్లు ఆ ఏడు విత్తనం వేసిన ముక్క చుట్టే నడిచారు. బీడు పెట్టిన ముక్కను వదిలేశారు. పోడులో ఒక ముక్క దున్ని ఒక ముక్క వదులుతామని వాళ్లకు తెలియదు, మా వాళ్లను అడగలేదు. జీపీఎస్ తప్పు చూపలేదు తమ్మీ. అది మనిషి నడిచిన చోటును బాగానే కొలిచింది. నడిచిన దారే తప్పు. ఒక్క పక్క నుంచి చూసిన కొలత అంటే అదే.

ఆ ఎండాకాలం నేను, మా బావమరిది, తాత కలిసి చేను కొలిచాం. థియోడలైట్ లేదు. 30 మీటర్ల టేపు, సీనియర్ అన్న దగ్గర అడిగి తెచ్చుకున్న ప్రిస్మాటిక్ కంపాసు, వెదురు కర్రలు. హద్దు రాళ్లు, పాత గట్టు, తాత వాళ్ల నాయన తవ్విన చెలమ, సమాధి రాళ్లు అన్నీ తాతే చూపించాడు. ఈసారి కర్ర ఎక్కడ నిలబెట్టాలో చెప్పింది తాత. నేను చూశాను.

కంపాసుతో కూడా అదే సూత్రం ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి చూసిన దిక్కు, అక్కడి నుంచి ఇక్కడికి చూసిన దిక్కు సరిగ్గా 180 డిగ్రీలు తేడా ఉండాలి. ఒక మూల దగ్గర 4 డిగ్రీలు తేడా వచ్చింది. ఎంత చూసినా అంతే. చివరికి చూస్తే మా బావమరిది గొడ్డలి భుజాన వేసుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఇనుముకు ముల్లు తిరిగింది. గొడ్డలి దూరంగా పెట్టి చూస్తే సరిపోయింది. తిరిగి చూడకపోతే ఆ తప్పు కాగితం మీద ఉండిపోయేది, ఒక మూల మొత్తం పక్కకు పోయేది. ఏటవాలు దగ్గర టేపును నేల మీద పరవకుండా గాలిలో అడ్డంగా బిగించి పట్టుకుని మెట్లు మెట్లుగా కొలిచాం. చుట్టూ తిరిగి మొదటి రాయి దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద గీత మీటరున్నర ఎడంతో కలవలేదు. 560 మీటర్ల చుట్టుకు అది పెద్ద తప్పు కాదు. మొత్తం 4 ఎకరాల 11 గుంటలు వచ్చింది.

"నాలుగున్నర గాదా?" అన్నాడు తాత.

"కాదు తాతా, తొమ్మిది గుంటలు తక్కువ."

కొంచెంసేపు చూసి, "నువ్వు చెప్తే నిజమే ఉంటది" అన్నాడు. నాకు ఆ మాట చాలా బరువనిపించింది. మన వాళ్ల కొలతను కూడా తిప్పి చూడాలి. తాత చెప్పిందల్లా రాస్తే అది కూడా ఒక్క పక్క చూపే.

2021 నవంబరులో మళ్లీ పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఆ స్కెచ్ జత చేశాం. దాంతోపాటు గూడెం పెద్దల వాంగ్మూలం, చెలమ, సమాధులు, పాత గట్టు వివరాలు. ఇది అందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను: చట్టం కింద ఉన్న నిబంధనల్లో పెద్దల మాట రాతపూర్వకంగా ఇస్తే సాక్ష్యమే. బావి, గట్టు, సమాధి లాంటి గుర్తులూ సాక్ష్యమే. ఇట్లాంటి వాటిలో ఒకటి కంటే ఎక్కువ చూపాలి. 2012లో చేసిన సవరణ ప్రకారం ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి బదులు కాదు. "మ్యాపులో కనబడట్లేదు" అంటే అదే చివరి మాట కాదు. భూమి 2005 డిసెంబరు 13 నాటికి మన సాగులో ఉండాలి. గ్రామసభ నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో డివిజన్ కమిటీకి పోవచ్చు.

మళ్లీ కొలవడానికి వచ్చారు. ఈసారి నేను, నాన్న వాళ్లతో కలిసి నడిచాం. ప్రతి మూల దగ్గర ఆగి చూపించాం. వచ్చిన కుర్రాడు మంచివాడు, స్కెచ్ చూసి "ఎవరు గీశారు?" అని అడిగాడు. వాళ్ల లెక్క 4 ఎకరాల 6 గుంటలు. 2023లో రాష్ట్రమంతా లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పట్టాలు ఇచ్చినప్పుడు మాకూ వచ్చింది, అమ్మానాన్నల ఇద్దరి పేరా. చట్టం ప్రకారం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి, మీ పట్టాల్లో కూడా చూసుకోండి.

తాత అప్పటికి లేడు. 2022 వానాకాలంలో పోయాడు. మళ్లీ కొలిచిన సంగతి తెలుసు, కాగితం చూడలేదు. పట్టా వచ్చిన రోజు నాన్న దాన్ని మిట్ట మీద ఇప్ప చెట్టు దగ్గరికి తీసుకుపోయి కాసేపు కూర్చుని వచ్చాడు. ఎందుకు పోయావని నేను అడగలేదు.

హైదరాబాద్ వచ్చినప్పుడు మహబూబ్ చౌక్ పోయాను. థియోడలైట్ లేదు, అమ్ముడుపోయింది. ఎవరో కొత్త హోటల్‌లో అలంకారానికి కొన్నారట. "నీకోసం రెండేళ్లు ఆపిన బేటా, తర్వాత ఇంట్లో ఖర్చు పడింది" అని చాచా బాధపడ్డాడు. నాకేం బాధ లేదు. నేను తీసుకోవాల్సింది తీసుకున్నాను. గల్లీలో చాయ్ తాగి ఆ కథంతా చెప్పాను. ఆయన మా తాత దగ్గర ఆగిపోయాడు. "కర్ర పట్టినోడికి కూడా ఒకసారి దుర్బిణిలో చూడనిచ్చి ఉంటే?" అన్నాడు.

తమ్మీ, నీ ప్రశ్నకు వస్తాను. ఈ యంత్రాలతో మన లాంటి వాళ్లు పెద్ద పనులు చేయలేదని అనుకోకు. ఎవరెస్ట్ శిఖరమే అన్నిటికంటే ఎత్తైనదని 1852లో లెక్క తేల్చింది రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ లెక్కల మనిషి. కుమావూఁ కొండల భోటియా తెగ నుంచి నైన్ సింగ్ రావత్ అనే ఆయన 1865లో టిబెట్‌లోకి మారువేషంలో పోయాడు. 108 పూసల జపమాలలో 100 పూసలే ఉంచుకుని, వంద అడుగులకు ఒక పూస జరుపుతూ లాసా దాకా దూరం కొలిచాడు. 1877లో లండన్ భూగోళ సంఘం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఉత్తరాఖండ్‌లో భోటియాలు ఇప్పుడు షెడ్యూల్డ్ తెగే. ఆయన యంత్రం పట్టుకున్నాడు. మా తాత కర్ర పట్టుకున్నాడు. తెలివిలో తేడా కాదు, నేర్పినోళ్లు ఉన్నారా లేదా అన్నదే తేడా.

అందుకే సివిల్ తీసుకో. జీపీఎస్ మంచిదే, అది కూడా నేర్చుకో. ల్యాబులో వెనక నిలబడకు, ముందుకు పోయి ముట్టుకో, తిట్టినా సరే. రికార్డులో పక్కోడి అంకెలు రాయకు. నీ ఊర్లో కొలవడానికి ఎవరైనా వచ్చిన రోజు ఇంట్లో పడుకోకు, వాళ్లతో నడువు. కర్ర పట్టుకోమంటే పట్టుకో గానీ, దేనికని అడుగు.

ఈ ఎండాకాలం సెలవుల్లో మా వైపు మూడు గూడేల్లో ఇంకా కొలత గొడవలు ఉన్నాయి. టేపు, కంపాసు నా దగ్గర ఉన్నాయి. నాలుగైదుగురు వస్తే రోజుకో చేను కొలిచి స్కెచ్ గీద్దాం. అన్నం, పడక మా ఇంట్లోనే. వచ్చేవాళ్లు ఇక్కడే చెప్పండి. గొడ్డలి మాత్రం తేవొద్దు.